జిల్లా లీగ్ లేకుండా సంస్కరణ ఎలా?

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త నియమావళితో భారత ఫుట్‌బాల్ గాడిన పడుతుందని మీ పత్రికలో వ్యాసం రాశారు. పడాలనే నా కోరిక కూడా. 2022 ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసినప్పుడు, మన దేశంలో జరగాల్సిన అండర్-17 మహిళల ప్రపంచకప్ చేజారిపోతుందేమోనని ఎంత టెన్షన్ పడ్డామో! 2025లో సుప్రీంకోర్టు ఆమోదించిన నియమావళిలో మాజీ ఆటగాళ్లకు చోటివ్వడం మంచి మార్పు.

కానీ ఢిల్లీలో సమాఖ్య ఎన్నికలు సజావుగా జరిగితే మా తిరుపతిలో పన్నెండేళ్ల పిల్లాడికి ఏం ఒరుగుతుంది? సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లి చూడండి. మధ్యలో క్రికెట్, చుట్టూ వాకింగ్ చేసేవాళ్లు. ఓ మూల చెప్పులే గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడుతుంటారు పిల్లలు. అందులో ఒకడు ఎడమ కాలితో బంతిని ఆపి, తల ఎత్తి చూసి పాస్ ఇస్తాడు, చూస్తే ముచ్చటేస్తుంది. పదో తరగతి రాగానే ఇంట్లో ఆట మాన్పించేస్తారు. తల్లిదండ్రులనేం అంటాం, ముందు దారేదో వాళ్లకెవరు చూపించారు?

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానంలో నిలిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ వారే. ఆయన బడిపంతులుగా కూడా పనిచేశారు. పిల్లల ఆట తెలిసిన అలాంటివారు ప్రతి జిల్లాలో కావాలి. రాష్ట్ర సంఘాలకిచ్చే నిధులను జిల్లా అండర్-13 లీగ్‌తో ముడిపెట్టాలి. లీగ్ నడపకపోతే డబ్బు ఆపేయాలి. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి జట్లతో వారానికో మ్యాచ్ పెట్టినా మొదలుపెట్టడానికి చాలు.