మీరు ఇంకా అనానిమస్ సర్వే నింపలేదు

పొద్దున్నే మెయిల్ వచ్చింది. ఉద్యోగుల ఆరోగ్యం, వెల్‌బీయింగ్ మీద జరుగుతున్న అనానిమస్ సర్వేని నేను ఇంకా నింపలేదట, ఇది మూడో రిమైండర్ అట. ఇంకోసారి చదవండి. ఎవరు నింపారో ఎవరికీ తెలియదు, కానీ నేను నింపలేదని మాత్రం తెలుసు. పైగా నా పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశారు, ఐడీ కార్డు మీద కూడా అంత సరిగ్గా లేదు.

సరే, పరిశోధన అంటే గౌరవం ఉన్న మనిషిని కాబట్టి లింక్ నొక్కాను. మీ డిపార్ట్‌మెంట్ ఏది? మీ టీమ్ ఏది? మీ వయసు ఎంత? ఆడా మగా? ఇక్కడ ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారు? మా టీమ్‌లో ఉన్నదే నలుగురం, అందులో నలభై దాటింది నేనొక్కణ్ణే. అంటే మూడో ప్రశ్నకే నేను దొరికిపోయాను, మిగతా రెండూ ఊరికే మర్యాదకి. ఇంక పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో అడగడం ఒక్కటే బాకీ.

ఆ తర్వాత అసలు ప్రశ్న. "పనిలో మీరు ఎలా ఫీలవుతున్నారు?" కింద ఐదు మొహం బొమ్మలు, పెద్ద నవ్వు నుంచి ఏడుపు దాకా. పోయిన ఏడాది మా టీమ్‌లో కుర్రాడొకడు నిజాయితీగా ఏడుపు మొహం నొక్కి, రాత్రి పదకొండింటికి ఫోన్లు చేయొద్దని రెండు లైన్లు కూడా రాశాడు పాపం. రెండు వారాల తర్వాత మీటింగ్‌లో మేనేజర్ గారు "ఎవర్నీ ఉద్దేశించి అనట్లేదు గానీ" అని మొదలుపెట్టి, పాజిటివ్ ఆటిట్యూడ్ గురించి పావుగంట మాట్లాడారు, ఆ పావుగంటా వాడి మొహం మీంచి చూపు తిప్పితే ఒట్టు. అప్పట్నుంచి వాడు చాలా ఆరోగ్యంగా ఉన్నాడు. ఏమడిగినా బావుందనే అంటున్నాడు.

మొత్తానికి ఆ పోయిన ఏడాది సర్వేలో కొండని తవ్వి పట్టుకున్న ఎలుక ఏంటంటే, ఉద్యోగులకి ఒత్తిడి ఉంది. దానికి మందు కూడా కనిపెట్టారు, ఒత్తిడిని జయించడం ఎలా అని ఒక వెబినార్. టైమ్ సాయంత్రం ఆరు నుంచి ఏడు, అంటే మేం ఇంటికెళ్ళే టైమ్. అందరూ రావాలి, కెమెరా ఆన్‌లో ఉండాలి, ప్రశాంతంగా ఉన్నామో లేదో పైవాళ్ళకి కనపడాలి కదా.

ట్రైనర్ గారు కళ్ళు మూసుకోమన్నారు. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చమన్నారు. ఒకటి, రెండు, టింగ్. "ఆ ఫైల్ ఎక్కడిదాకా వచ్చింది?" పంపింది మా మేనేజరే, ఆయనా ఇదే సెషన్‌లో ఉన్నారు, స్క్రీన్ మీద కళ్ళు సగం మూసుకుని మునీశ్వరుడిలా కనిపిస్తున్నారు, భుజాలు మాత్రం టైప్ చేస్తున్నట్టు కదులుతున్నాయి. నేను ఒక కన్ను తెరిచే ఉంచాను కాబట్టి తెలిసింది. ఇప్పుడు నెమ్మదిగా వదలండి అన్నారు ట్రైనర్ గారు. టింగ్. "ఈరోజే కావాలి." వదలాలో వద్దో తెలియక బిగపట్టి కూర్చున్నాను. మీరిప్పుడు ఒక సరస్సు ఒడ్డున ఉన్నారు, చల్లగాలి వీస్తోంది అన్నారాయన. సరస్సు దగ్గరికి లాప్‌టాప్ తెచ్చుకున్నానా లేదా అని నాకు గుండె దడ. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం, మీ ఒత్తిడి ఎంత తగ్గింది అని. ఉన్న ఆప్షన్లు మూడే: కొంచెం, బాగా, పూర్తిగా. ఆ ఫైల్ పంపేసరికి తొమ్మిదిన్నర అయింది. గిల్లేదీ వాళ్ళే, ఉయ్యాల ఊపేదీ వాళ్ళే.

పోనీ ఇదంతా నా ఏడుపే అనుకుందాం. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే ఆయన బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46 వేల మందికి పైగా ఉద్యోగుల లెక్కలు తీసి 2024లో అచ్చేశారు. ధ్యానం యాప్‌లు, రెసిలియెన్స్ (అంటే ఒత్తిడిని తట్టుకునే శక్తి) క్లాసులు లాంటివాటిలో చేరినవాళ్ళు చేరనివాళ్ళ కంటే ఏమీ బాగుపడలేదు. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ అయితే సుమారు 5 వేల మంది ఉద్యోగుల్ని లాటరీ వేసినట్టు రెండుగా విడగొట్టి మరీ చూసింది, వైద్యం ఖర్చులోనూ సెలవుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంకో తమాషా, అలాంటి ప్రోగ్రాములకి ఎగబడి వచ్చేవాళ్ళకి అంతకుముందు నుంచే వైద్యం ఖర్చు తక్కువట. అంటే ముందే గట్టిగా ఉన్నవాళ్ళు వచ్చి ఫొటో దిగి వెళ్ళారు, క్రెడిట్ ప్రోగ్రాంకి.

మరి జబ్బు ఎక్కడుందో తెలియదా అంటే, ఎప్పుడో తెలుసు. 1967లో లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద వైట్‌హాల్ స్టడీ మొదలుపెట్టారు. పెద్ద కుర్చీలో ఉన్నవాడికే టెన్షన్ అనుకుంటాం కదా, తీరా చూస్తే గుండె జబ్బుతో పోయినవాళ్ళు అట్టడుగు గ్రేడులోనే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. సిగరెట్లూ బీపీలూ లెక్క తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. తర్వాత 1985లో మొదలైన రెండో స్టడీలో ఇంకో సంగతి బయటపడింది, తన పని మీద తనకి పెత్తనం లేనివాడికి గుండె జబ్బు ముప్పు ఎక్కువ. ఈ ప్రశ్న ఏ సర్వేలో అయినా చూశారా మీరు? మీ పని ఎప్పుడు ఆపాలో మీ చేతిలో ఉందా అని? ఉండదు. ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతున్నారని మాత్రం ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 55 గంటలు, ఆపైన పని చేయడం వల్ల ఒక్క 2016లోనే పక్షవాతం, గుండె జబ్బులతో 7 లక్షల 45 వేల మంది చనిపోయారు. వాళ్ళు గాలి పీల్చడం చేతకాక చచ్చిపోలేదండీ! నీళ్ళు తక్కువ తాగి పోలేదు, సరస్సు ఊహించుకోలేక పోలేదు. ఇద్దరు చేయాల్సిన పని ఒకడి నెత్తిన పెట్టి, వాడు కుప్పకూలితే నీకు రెసిలియెన్స్ తక్కువ అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. ఖాళీ అయిన సీట్లో ఇంకో మనిషిని పెట్టమంటే బడ్జెట్ లేదంటారు, వెబినార్‌కి మాత్రం ఎక్కణ్ణుంచో ఊడిపడుతుంది. కనీసం రాత్రి ఫోన్ చేయడం మానేయండి, దానికి పైసా ఖర్చు లేదు! అదీ చేయరు.

ఇది రాస్తుండగానే నాలుగో రిమైండర్ వచ్చింది, ఈసారి మేనేజర్ గారిని కాపీలో పెట్టారు. ఇంక తప్పదని కూర్చుని అన్నిటికీ పెద్ద నవ్వు మొహమే నొక్కేశాను, పక్క సీటు కుర్రాడు కూడా తొంగి చూసి అదే నొక్కాడు.