న్యాయనిర్ణేతలకు వందనం, వాళ్లు ఎక్కడున్నా

మా అమ్మాయి సీబీఎస్‌ఈ పదకొండో తరగతి. ఇంగ్లీషు పరీక్షలో డిబేట్ అని ఒక ప్రశ్న ఉంటుంది. ఒక విషయం ఇస్తారు. దాన్ని సమర్థిస్తూనో ఖండిస్తూనో 120 నుంచి 150 మాటల్లో వాదించి లోకాన్ని ఒప్పించాలి. 5 మార్కులు. పరీక్ష గదిలో సభ ఉండదు, ఎదుటి పక్షం ఉండదు, నడుస్తున్న ఇన్విజిలేటరు చెప్పుల చప్పుడు తప్ప ఏ ధ్వనీ ఉండదు. అయినా మొదటి వాక్యంలో గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు, ఉపాధ్యాయులకు, ప్రియమైన మిత్రులకు వందనం చెప్పి తీరాలి. ఫార్మాటుకు ఒక మార్కు. కనబడని వాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, మర్యాదలు చేయడం మనకు కొత్తేమీ కాదు. ఏటా తద్దినం నాడు చేసేది అదే కదా. కాకపోతే ఆ పితృదేవతలు మాటలు లెక్కపెట్టరు.

వందనానికీ, చివర ధన్యవాదాలకూ కలిపి పాతిక ముప్పై మాటలు పోతాయి. మిగిలిన వంద చిల్లరలో నమ్మకం, తర్కం, ఆవేశం, ఉదాహరణ, ప్రత్యర్థిని చిత్తు చేయడం. ట్యూషన్ మాస్టారు ఒక కాగితం ఇచ్చారు. అందులో ఏ విషయానికైనా పనికొచ్చే వాక్యాలున్నాయి. ‘నా ప్రత్యర్థి ఇప్పుడే చెప్పినదాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను’ అన్నది అందులో మూడోది. ప్రత్యర్థి ఏం చెప్పాడమ్మా అని అడిగాను. ఏమీ చెప్పలేదట. చెప్పకముందే ఖండించడం నాగరికతలో పై మెట్టు అని నాకు అప్పటిదాకా తెలియదు. రాత్రి తొమ్మిది గంటలకు టీవీ పెట్టి చూశాక తెలిసింది, ఆ మాస్టారి పాత విద్యార్థులు బాగానే స్థిరపడ్డారు.

‘బడిలో సెల్‌ఫోన్లు అనుమతించాలి’ అన్న విషయం మీద మా అమ్మాయి సోమవారం సమర్థిస్తూ రాసింది. చదివి నేను కరిగిపోయాను, పాపం పిల్లలకు ఫోన్లు ఇవ్వాల్సిందే అనిపించింది. మంగళవారం ఖండిస్తూ రాసింది. చదివి నా ఫోను కూడా బీరువాలో పెట్టేశాను. బుధవారం ఉండబట్టలేక అడిగాను, ‘ఇంతకీ నువ్వేమనుకుంటున్నావు తల్లీ?’ అని. పుస్తకంలోంచి తలెత్తకుండానే చెప్పింది: ‘అది సిలబస్‌లో లేదు నాన్నా.’

ఈ విద్య మన దేశంలోనే ఇంత పరిపక్వమైందనుకుంటే పొరపాటు. మా చెల్లెలి కొడుకు ఇంగ్లండులో ఈ ఏడాది జీసీఎస్‌ఈ, అంటే మన పదో తరగతి లాంటి పరీక్ష, రాస్తున్నాడు. అక్కడ ఏక్యూఏ అనే బోర్డు వారి ఇంగ్లీషు రెండో పేపరులో ఇలాంటి ప్రశ్న ఒక్కదానికే 40 మార్కులు. విషయానికి, దాన్ని అమర్చిన తీరుకు 24, అక్షరదోషాలు లేకుండా రాసినందుకు 16. వాదన ఎలా రాయాలో గుర్తుంచుకోవడానికి మన ‘యమాతారాజభానసలగం’ లాంటి అక్షరాల దండ ఒకటి పిల్లల నోట్లో ఆడుతూ ఉంటుంది: ఒక్కో అక్షరానికి ఒక అలంకారం. ఒక అనుప్రాస, ఒక నిజం, ఒక అభిప్రాయం, జవాబు అక్కరలేని ఒక ప్రశ్న, గుండె పిండే ఒక మాట, ఒక గణాంకం, మూడేసి పదాల గుత్తి ఒకటి. మన ఛందస్సులో గణం తప్పితే పద్యం కుంటుతుంది, అక్కడ గణాంకం తప్పితే వాదన కుంటుతుందన్నమాట.

పరీక్ష హాల్లో గణాంకాలు ఎక్కడి నుంచి వస్తాయిరా అని వీడియో కాల్‌లో అడిగాను. ‘పుట్టించాలి మామయ్యా’ అన్నాడు వాడు. ‘80 శాతం అని రాయకూడదు, అనుమానం వస్తుంది. 83 అని రాస్తే నమ్ముతారు.’ ఆ మూడు ఎవరు పెట్టారో గాని, సత్యానికి అంత దగ్గరగా అబద్ధాన్ని జరపగలిగిన అంకె ఇంకొకటి లేదు. మా చిన్నప్పుడు లెక్కల నోట్సులో లేని అంకె రాస్తే వేళ్ల మీద స్కేలు పడేది. పిల్లవాడు అదే పని ఇంగ్లీషులో చేశాడు కనుక ప్రతిభ అయింది.

పాతకాలపు వాదాలు ఎంత ప్రమాదకరంగా ఉండేవో తలచుకుంటే ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. శంకరాచార్యులు, మండన మిశ్రుడు వాదానికి కూర్చున్నప్పుడు మండనుడి ఇల్లాలు ఉభయ భారతే న్యాయనిర్ణేత. ఇద్దరి మెడలోనూ పూలమాలలు వేసి, ఎవరి మాల వాడితే వారు ఓడినట్టు అని చెప్పి, ఆమె ఇంటిపని చూసుకోవడానికి వెళ్లిందని కథ. మాట పరిమితి పెట్టలేదు, అది రోజుల తరబడి సాగింది. చివరికి ఓడిన మండనుడు నిజంగానే ఒప్పుకొని ఇల్లూ సంసారమూ వదిలి సన్యాసం తీసుకున్నాడు. వాదనకు ఒప్పుకుంటే కొంపలు మునుగుతాయని ఇంతకంటే రుజువు ఏం కావాలి? మన పరీక్షలో ఆ భయం లేదు. ఏ ఎగ్జామినరూ పేపరు దిద్దుతూ మనసు మార్చుకొని లేచిపోయిన దాఖలా నేను వినలేదు.

ఇక గిడుగు రామమూర్తి పంతులు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలసేపు వాడుక భాష తరఫున మాట్లాడారని చెబుతారు. నాలుగు గంటలు! పైగా గ్రాంథికవాదుల గ్రంథాల్లోంచే ఉదాహరణలు తీసి చూపించారట. పుట్టించిన అంకె ఒక్కటైనా ఉన్నట్టు లేదు. పాపం, ఆయనకు ట్యూషన్ లేదు.

అన్నిటికంటే విచారకరమైన కేసు గురజాడ అప్పారావుగారిది. ఆ గొడవ మొదలైందే పరీక్షల దగ్గర. పిల్లలు తెలుగు వ్యాసరచన వాడుక భాషలో రాయవచ్చా, గ్రాంథికంలోనే రాయాలా అని మద్రాసు విశ్వవిద్యాలయం ఒక ఉపసంఘం వేసింది. మెజారిటీ గ్రాంథికం వైపు మొగ్గింది. గురజాడ 1914లో తన అసమ్మతిని పుస్తకమంత పత్రంగా రాసి ఇచ్చారు. ఇంగ్లీషులో. అంటే పరీక్ష గురించి, ఇంగ్లీషులో, ఒప్పించడానికి ఒక తెలుగువాడు రాసిన వాదన అది. మా అమ్మాయికి రేపు రాబోయే ప్రశ్నకు ముత్తాత లాంటిది. విశ్వవిద్యాలయం మాత్రం ఒప్పుకోలేదు. మరుసటి ఏడే ఆయన పోయారు. నేను ఈ నాలుగు ముక్కలూ ఈ భాషలో రాస్తున్నానంటే ఆ ఓడిన పక్షం చలవే అనుకోండి, అది వేరే సంగతి.

ఈ కథంతా మా అమ్మాయికి ఉత్సాహంగా చెప్పాను. శ్రద్ధగానే వింది.

‘ఎన్ని మాటలు రాశారు?’

‘వేలల్లో.’

‘ఫార్మాటు?’

‘అసమ్మతి పత్రమమ్మా, న్యాయనిర్ణేతలకు వందనాలేమీ ఉండవు.’

కాసేపు ఆలోచించింది. ‘గ్రాంథికమే మంచిదని కూడా ఒకటి రాసి పెట్టుకున్నారా?’

‘లేదు. ఆయన నమ్మింది ఒక్కటే.’

‘అదే మరి’ అంది మా అమ్మాయి జాలిగా, నోట్సులో కొత్త పేజీ తిప్పుతూ. ‘రెండో వైపు ప్రాక్టీసు చేయలేదన్నమాట.’