81-ఏ కార్మికుడికి మేలు చేసిందా?

1942 జనవరిలో, యుద్ధం నడుస్తుండగా, బ్రిటిష్ ప్రభుత్వం భారత రక్షణ నిబంధనల్లో 81-ఏ చేర్చింది. దాని ప్రకారం సర్కారు సమ్మెను ఆపొచ్చు, తగాదాను తీర్పుకు పంపొచ్చు, ఆ తీర్పును అమలు చేయించొచ్చు. దీని మీద ఒక యూనియన్ పెద్దాయనకీ, లేబర్ కోర్టులో వాదించే లాయరమ్మకీ మాటామాటా.

పెద్దాయన: దాన్ని మేలంటే ఒప్పుకోనమ్మా. 1929 కార్మిక వివాదాల చట్టం చూడు. తపాలా, నీళ్లు, కరెంటు, పారిశుద్ధ్యం పనివాళ్లు 14 రోజుల నోటీసు ఇవ్వకుండా పని ఆపితే జైలు. తగాదాను విచారించడానికి సర్కారు వేసే కోర్టు చెప్పింది మాత్రం యజమాని వినక్కర్లేదు. ఆ ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ అసెంబ్లీలో బాంబులు వేసింది ఈ బిల్లుకి నిరసనగా కూడా.

లాయరు: నేను చెప్పేదీ అదే బాబాయ్. 1929లో యజమాని వినక్కర్లేదు, 1942లో వినక తప్పలేదు. అది చిన్న తేడానా?

పెద్దాయన: సర్కారు తగాదాను పంపితే కదా వినేది! మనంతట మనం వెళ్లే దారే లేదు. వాళ్లకి కావలసింది యుద్ధానికి సరుకు ఆగకుండా రావడం.

లాయరు: వాళ్ల ఉద్దేశం మంచిదని నేననను. కానీ చట్టం అండ లేనప్పుడు ఏమైంది? మద్రాసు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు 1918లోనే యూనియన్ పెట్టుకున్నారు. 1920లో గొడవ ముదిరితే కంపెనీ హైకోర్టుకెళ్లి నాయకుడు బి.పి. వాడియా మీదే ఇంజంక్షన్, అంటే నిషేధపు ఉత్తర్వు, తెచ్చింది. చివరికి ఆయన యూనియన్‌కి దూరం కావాల్సి వచ్చింది. ఇలాంటి కేసుల నుంచి రక్షణ 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంతో గానీ రాలేదు.

పెద్దాయన: మధ్యవర్తే వద్దని నేనన్నానా? 1918లో అహ్మదాబాద్ మిల్లులు ప్లేగు రోజుల్లో ఇచ్చిన బోనస్ తీసేశాయి. కూలీలు 35 శాతం పెంచమంటే యజమానులు 20 అన్నారు. గాంధీ నిరాహార దీక్షకు కూర్చున్నాక రాజీ ఎలా కుదిరిందో తెలుసా? మొదటిరోజు 35, రెండోరోజు 20, మూడోరోజు నుంచి తీర్పు వచ్చేదాకా ఇరవై ఏడున్నర. ఇద్దరికీ సమ్మతమైన మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరికి 35 శాతమే ఇవ్వమన్నారు. కూలీలు గట్టిగా నిలబడబట్టే యజమానులు దారికొచ్చారమ్మా.

లాయరు: గాంధీ ఉన్నారు, మిల్లు యజమాని అంబాలాల్ సొంత అక్క అనసూయాబెన్ కూలీల పక్షాన నిలిచారు. ప్రతి బీడీ కార్ఖానాకీ అలాంటివాళ్లు దొరుకుతారా?

పెద్దాయన: దొరకరు, అందుకే యూనియన్. మన వి.వి. గిరి రైల్వే కార్మికులను నడిపించినవారు. కేంద్ర మంత్రి అయ్యాక కూడా బలవంతపు తీర్పులు వద్దు, ఇద్దరూ కూర్చొని తేల్చుకోండి అనేవారు. కోర్టు అలవాటైతే యూనియన్ కాళ్లు పడిపోతాయి.

లాయరు: మరి 1954లో ఆయన రాజీనామా ఎందుకు చేశారు? బ్యాంకు ఉద్యోగుల తగాదాలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చిందనే కదా! తీర్పంటే లెక్కలేనివారు పదవి వదులుకుంటారా?

పెద్దాయన: (కాసేపు ఆగి) మంచి మాటే పట్టావు. కానీ మార్చిందెవరు? సర్కారే. తెల్లవాడి ఏర్పాటునే 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో పెట్టుకున్నాం. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ అయితే ఆ 14 రోజుల నోటీసు అన్ని పరిశ్రమలకీ తగిలించింది.

లాయరు: నోటీసు విషయంలో నేనూ మీతోనే ఉన్నాను. కానీ ఉద్యోగం పోయిన సెక్యూరిటీ గార్డు నా దగ్గరకొస్తే సమ్మె చెయ్యమని ఎలా చెప్పను బాబాయ్? అతనికి యూనియనే లేదు. కేసే వేస్తాను.

పెద్దాయన: వెయ్యి తల్లీ. అతనితో పనిచేసే మిగతావాళ్ల పేర్లు కూడా రాయించుకుని నా దగ్గరికి పంపు.