దొంగగారికి ఓ దుశ్శాలువా

పాత ఉత్తరాలు మన దాకా ఎలా వచ్చాయని అడిగితే పెద్దలు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: పండితుల శ్రద్ధ, వారసుల భక్తి, గ్రంథాలయాల సేవ. వినడానికి బాగుంటుంది, సభలో అంటే చప్పట్లు కూడా పడతాయి. అయితే ఈ మధ్య ఒక సొంత అవసరం కొద్దీ (అదేమిటో తర్వాత చెబుతాను) పాత వస్తువుల పండితులూ సేకర్తలూ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల చరిత్ర కాస్త తిరగేశాను. తేలిందేమిటంటే, పాత కాగితానికి అసలు గండం నిజాయితీపరుల వల్లే. దాన్ని కాపాడింది దొంగలు, ఎగవేతదారులు. ఇన్నాళ్లుగా వాళ్ల మెడలో ఒక్క దండైనా పడలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి నేనే వస్తున్నాను.

ముందు నిజాయితీపరుల సంగతి.

ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ అనే ఊళ్లో పెయిరెస్క్ అనే పెద్దమనిషి ఉండేవాడు (1580–1637). ఉద్యోగం న్యాయస్థానంలో, ప్రాణం మాత్రం పాత నాణేల మీద, చెక్కిన రత్నాల మీద. యూరప్‌లో నాలుగు అక్షరాలు చదివినవాడు ఎక్కడున్నా ఈయన ఉత్తరం నుంచి తప్పించుకోలేకపోయాడు. చిత్రకారుడు రూబెన్స్‌కు రత్నాల గురించి రాశాడు. గెలీలియోను కాస్త కనికరించమని చర్చి పెద్ద అయిన ఒక కార్డినల్‌కు రాశాడు. మొత్తం పదివేల ఉత్తరాల దాకా ఉంటాయని లెక్క. ఏ ఉత్తరం ఏ రోజు ఎవరికి వెళ్లిందో చిట్టా కూడా రాసుకునేవాడు. అంత పద్ధతిగా బతికిన మనిషి పోయాక ఏమైందట? ఇంట్లో ఉన్న ఒక అమ్మాయి ఆ ఉత్తరాల్లో చాలావాటిని పొయ్యి రాజేసుకోవడానికి వాడుకుందని కథ. ఆవిడ ఆయనకు వరసకి ఏమవుతుందో అక్కడివాళ్లు తేల్చి చెప్పరు. వాళ్ల భాషలో అన్న కూతురికీ చెల్లెలి కూతురికీ ఒకటే మాట. మేనకోడలే అనుకుందాం, మనకు అలవాటైన నింద అది.

ఆ అమ్మాయి మీద కేసు లేదు, ఉండదు. తన ఇంటి కాగితం తన పొయ్యిలో పెట్టుకుంది. ఎవరి సొత్తూ ముట్టుకోలేదు. నేను చెప్పేది సరిగ్గా అదే.

మిగిలిన ఉత్తరాలు చాలావరకు కార్పెంత్రాస్ గ్రంథాలయంలో ఇప్పటికీ క్షేమంగా ఉన్నాయి. 1745లో ఒక బిషప్ డబ్బిచ్చి కొన్నాడు కాబట్టి ఉన్నాయి. ఈ బిషప్ నా వాదానికి అడ్డొస్తున్నాడు. అందుచేత ఆయన్ని గౌరవంగా పక్కన కూర్చోబెడుతున్నాను.

లండన్‌లో జాన్ వార్‌బర్టన్ అనే సేకర్త కథ ఇంకా కడుపు నింపేది. ఈయన పాత నాటకాల చేతిరాత ప్రతులు యాభైకి పైగా పోగేసి, భద్రంగా ఉంటాయని పనిమనిషికి అప్పగించి మర్చిపోయాడు. ఆవిడ వంటింట్లో వాటిని ఒక్కొక్కటే పొయ్యిలో వేసింది, లేదా పిండివంట అడుగంటకుండా కింద పరిచింది. చివరికి మిగిలినవి మూడు. వార్‌బర్టన్ తర్వాత తీరుబడిగా కూర్చుని పోయిన నాటకాల పట్టిక రాసి, తప్పు తన అజాగ్రత్తదీ పనిమనిషి అజ్ఞానానిదీ అని ఒప్పుకున్నాడు. ఆ పట్టిక మాత్రం బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఇవి ఉత్తరాలు కావు కదా అని మీరు అడగవచ్చు. పొయ్యి ఆ తేడా అడగలేదు.

ఇప్పుడు దొంగగారి దగ్గరికి వద్దాం. వీరికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి.

గుగ్లిఎల్మో లిబ్రి 1803లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. గొప్ప గణితజ్ఞుడు, ప్యారిస్‌లో ప్రొఫెసర్. ఇంటిపేరుకు అర్థమే ‘పుస్తకాలు’, కాబట్టి జాతకం ముందే రాసిపెట్టి ఉంది. ఫ్రాన్స్ ప్రభుత్వ గ్రంథాలయాల్లో ఉన్న చేతిరాత ప్రతులన్నిటికీ ఒక జాబితా తయారు చెయ్యాలని 1841లో సర్కారు కమిటీ వేసి, దానికి కార్యదర్శిగా ఈయన్ని పెట్టింది. పిల్లికి పాలకుండ కాపలా అంటారే, అది సామెతగా కాక ప్రభుత్వ ఉత్తర్వుగా వెలువడింది. వెడల్పాటి కోటు వేసుకుని ఊరూరా గ్రంథాలయాలకు వెళ్లేవాడు. జాబితా రాసేవాడు. సాయంత్రానికి జాబితా అలాగే ఉండేది, ప్రతులు తగ్గేవి, కోటు లావయ్యేది. గ్రంథాలయం ముద్రలు చెరిపించి, బైండింగులు మార్పించి, సరుకు ఇటలీ నుంచి వచ్చినట్టు కనిపించేలా చేసేవాడు. 1848లో విషయం బయటపడే వేళకు పద్దెనిమిది పెద్ద పెట్టెలతో లండన్ చేరుకున్నాడు. 1850లో ఫ్రాన్స్ కోర్టు ఆయన లేకుండానే పదేళ్ల జైలు వేసింది. ఆయన లేకుండానే ఆ శిక్ష కూడా గడిచిపోయింది. లండన్ పెద్దమనుషులు మాత్రం ఇంత చదువుకున్నవాడు దొంగ ఎలా అవుతాడని ఆయన తరఫున వాదించారు. చదువుకోనివాడు ఏ ప్రతి ఎత్తుకెళ్లాలో ఎలా తేల్చుకుంటాడని వాళ్లెవరూ ఆలోచించినట్టు లేదు.

ఆయన ఎత్తుకెళ్లినవాటిలో తత్వవేత్త డెకార్ట్ రాసిన ఉత్తరాలు డెబ్భై రెండు. అందులో ఒకదాని ప్రయాణం చూడండి. 1641 మే 27న డెకార్ట్ తన మిత్రుడు మెర్సెన్‌కు నాలుగు పేజీలు రాశాడు. అచ్చులో ఉన్న పుస్తకం గురించి, ఏది తియ్యాలి, ఏది ఉంచాలి అన్న మామూలు రచయిత గోల. ఆ ఉత్తరం ప్యారిస్‌లో ఒక పండిత సంస్థ దగ్గర ఉండేది. లిబ్రి చేయి పడి చేతులు మారింది, సముద్రం దాటింది, 1902లో అమెరికాలోని హేవర్‌ఫర్డ్ కాలేజీకి విరాళంగా చేరింది. అక్కడ వందేళ్లకు పైగా ఎవరి జోలికీ పోకుండా పడుకుంది. 2010లో ఒక డచ్ పండితుడు ఇంటర్నెట్‌లో దాని ఆచూకీ పట్టాడు. కాలేజీ వెంటనే, అడగకముందే, తిరిగి ఇచ్చేస్తామంది. ప్యారిస్‌లోని ఆ సంస్థ సంతోషించి ఎదురు పదిహేను వేల యూరోలు ఇచ్చింది.

లెక్క చూసుకోండి. ఇంటిమనిషి చేతిలో పెయిరెస్క్ ఉత్తరాలు బూడిదయ్యాయంటారు. దొంగ చేతిలో పడ్డ డెకార్ట్ ఉత్తరం నూట అరవై ఏళ్ల తర్వాత ఒక్క పేజీ పోకుండా ఇల్లు చేరింది. దొంగ సొత్తును పొయ్యిలో వెయ్యడు. వేస్తే అమ్ముకోవడానికేం మిగులుతుంది?

ఎగవేతదారుల్లో సర్ థామస్ ఫిలిప్స్ (1792–1872) ఒక్కడు చాలు. ప్రపంచంలోని ప్రతి పుస్తకం ఒక్కో కాపీ తన దగ్గర ఉండాలన్నది ఆయన కోరిక. అరవై వేల దాకా చేతిరాత ప్రతులు కొన్నాడు. కొన్నాడు అంటే తెచ్చుకున్నాడని అర్థం. డబ్బు సంగతి వ్యాపారులు ఉత్తరాల్లో అడుగుతూ ఉండేవారు, ఈయన ఆ ఉత్తరాలను కూడా దాచేవాడు. బాకీ అడిగిన చీటీని భద్రపరిచే మనిషిని ఇంకెక్కడైనా చూశారా? నిప్పంటుకుంటే మోసుకుపోవడానికి వీలుగా అన్నిటినీ శవపేటికల్లాంటి పెట్టెల్లో పెట్టాడు. వీలునామాలో అల్లుడు హాలీవెల్‌ను ఆ ఛాయలకు రానివ్వొద్దని రాశాడు. ఆయన పోయాక ఆ సరుకు అమ్మి ముగించడానికి వందేళ్లు దాటింది. ఆ దెబ్బకు దివాలా తీసిన వ్యాపారుల సేవ కూడా మనం గుర్తుంచుకోవాలి, కానీ చోటు లేదు.

మోసగాళ్లను వదిలేస్తే పాపం. ప్యారిస్‌లో వ్రాన్-డెనిస్ లూకాస్ అనే గుమాస్తా ఉండేవాడు. మిషెల్ షాల్ అనే మహా గణితజ్ఞుడికి ఆయన కొన్నేళ్లలో ఇరవై ఏడు వేల దాకా పాత ఉత్తరాలు అమ్మాడు. (గణితజ్ఞులకూ దొంగ ఉత్తరాలకూ ఏదో ముడి ఉంది. తేల్చే ఓపిక నాకు లేదు.) అలెగ్జాండర్ అరిస్టాటిల్‌కు రాసినది, మగ్దలేనా మరియ లాజరుకు రాసినది, క్లియోపాత్రా సీజర్‌కు రాసినది, అన్నీ ఉన్నాయి. అన్నీ ఫ్రెంచిలో ఉన్నాయి. కొడుకును మార్సెయిల్ పంపి చదివించాలనుకుంటున్నానని క్లియోపాత్రా రాస్తే షాల్‌కు అనుమానం రాలేదు. పిల్లల చదువు గురించి తల్లి బెంగ ఏ కాలంలోనైనా సహజమే కదా.

1867లో షాల్ గారు సైన్స్ అకాడమీలో నిలబడి, గురుత్వాకర్షణను కనిపెట్టింది న్యూటన్ కాదు, మా ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ అని ఉత్తరాలు చూపించాడు. ఆ ఉత్తరాల తేదీల ప్రకారం పాస్కల్‌తో సిద్ధాంత చర్చ చేసే నాటికి న్యూటన్‌కు పదకొండేళ్లు. ఎవరో ఆ మాట లేవనెత్తారు. అంతే, ఆ సందేహం తీర్చే ఇంకో పాత ఉత్తరం రోజుల్లో దొరికింది. ఇంకో సందేహం, ఇంకో ఉత్తరం. ఏ పరిశోధకుడికీ ఇంత సహకరించే చరిత్ర దక్కలేదు. 1870లో లూకాస్‌కు రెండేళ్లు జైలు పడింది. తాను చేసింది దేశభక్తి అని ఆయన కోర్టులో చెప్పుకున్నాడు.

అసలు ఉత్తరానికీ నకిలీకీ తేడా కనిపెట్టే ఉపాయం ఈ కథలోనే ఉంది. అసలు సేకర్తల ఉత్తరాలు పది చదవండి: అరువిచ్చిన నాణేలు ఎప్పుడు పంపుతారు, మీ బండివాడు కుండ పగలగొట్టాడు, నాకు గౌటు నొప్పి, ఫలానావాడు శుద్ధ మూర్ఖుడు. గురుత్వాకర్షణ ఎక్కడా ఉండదు. ముఖ్యమైన విషయం మొదటి వాక్యంలోనే కనిపిస్తే ఆ కాగితం ముట్టుకోకండి.

ఇక నా సొంత అవసరం. ఒక మిత్రుడి తాతగారు నాణేలు సేకరించేవారు. ఆయనకూ శాసనాలు చదివే ఒక మాస్టారికీ మధ్య నడిచిన ఉత్తరాల కట్టను, చదివి వారంలో ఇచ్చేస్తానని మూడేళ్ల కిందట తెచ్చుకున్నాను. మిత్రుడు మొదట్లో నెలకోసారి అడిగేవాడు. ఈ మధ్య వారానికోసారి. నిన్న ఫోన్‌లో ‘దొంగ’ అన్న మాట కూడా వాడాడు. నాకేమీ బాధ కలగలేదు. పైన చెప్పిన చరిత్రంతా వివరించి, ఆ కట్ట సొంతదారు ఇంట్లో కన్నా నా దగ్గరే క్షేమమని నచ్చజెప్పాను. వాడు కాసేపు ఆగి, ‘సరే, ఉందని ఒక్క ఫోటో తీసి పంపరా’ అన్నాడు.

న్యాయమైన కోరికే. పొద్దుటి నుంచి బీరువా, అటక, మంచం కింద, పాత సూట్‌కేసు అన్నీ వెతికాను. ఎక్కడా లేదు. టెన్షన్ తగ్గించుకుందామని ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఇంతలో పెన్ను జారి కింద పడితే తీయడానికి వంగాను. ఈ బల్ల మూడేళ్లుగా ఊగకుండా ఎందుకు నిలబడిందో ఇప్పుడు అర్థమైంది.