ఫోర్కుల వారి దివ్యసముఖానికి ఒక ప్యాలెట్ డిజైనర్ విన్నపం

బండి ముందు చాచుకుని సరుకెత్తే, మహారాజశ్రీ ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కుల జంటవారికి,

గోడౌన్లలో సరుకు కింద వేసే పీటల్లాంటి ప్లాస్టిక్ ప్యాలెట్లు గీసి పొట్టపోసుకునే ఒక డిజైనర్ నమస్కరించి రాసుకునేది ఏమనగా:

మీరు క్షేమమేనా అని వేరే అడగక్కర్లేదు. ఉక్కుగా పుట్టారు, ఉక్కుగానే ఉన్నారు. మా వైపు సంగతి చూస్తే మాత్రం ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏ గోడౌన్‌కి వెళ్లినా వెనక గోడ పక్కన నీలం ప్యాలెట్ల గుట్ట ఒకటి తప్పకుండా ఉంటుంది. కాలు విరిగినవి, అంచు చిరిగినవి, సరుకు పేర్చే పైభాగం, అదే డెక్‌లో సరిగ్గా మీ ముక్కంత చిల్లు పడ్డవి. స్టోర్స్ రిజిస్టర్‌లో అన్నిటికీ ఒకటే కారణం రాసి ఉంటుంది: 'క్వాలిటీ బాగాలేదు'. మీ పేరు ఎక్కడా కనపడదు. ఇంత పలుకుబడి ఉన్నవాళ్లకి ఉత్తరం రాయాలంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ముందు ఒక అన్యాయాన్ని సరిచేయాలి. మా డ్రాయింగ్ కింద కుడిమూల 'డిజైన్ చేసినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో నా పేరు రాసుకుంటాను. ధర్మంగా చూస్తే అక్కడ ఉండాల్సింది మీ పేరు. పొడవు, వెడల్పుల జోలికి మీరు పోలేదు, నిజమే. వాటిని కమిటీలు చూసుకున్నాయి. ప్రపంచమంతా కూర్చుని ఒక్క సైజు మీద రాజీపడలేక ఐఎస్‌ఓ 6780 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఆరు సైజులు రాసుకున్నారు. వాటిలో మనకి ఎక్కువగా కనపడేది 1200 బై 1000 మిల్లీమీటర్లది. మిగతాదంతా మీ చలవే. మీ చిన్నతమ్ముడు, చేత్తో లాగే హ్యాండ్ ప్యాలెట్ ట్రక్, పూర్తిగా కిందికి దిగినా 85 మిల్లీమీటర్ల ఎత్తుంటాడు, అందుకని కింద ఖాళీ 100 దరిదాపుల్లో పెట్టాలి. ముందు కాళ్ల మూలలు ఎందుకు గుండ్రంగా ఉన్నాయి? మీరు సూటిగా రారు కాబట్టి. డెక్ అంచు కిందివైపు ఎందుకు ఏటవాలుగా ఉంది? మీరు ఎత్తు చూసుకోరు కాబట్టి. ఆ అంచు వెనకాల రిబ్బులు, అంటే పలచని అడ్డగోడలు, అంత దట్టంగా ఎందుకున్నాయి? మీరు ఆగరు కాబట్టి.

మా బ్రోచర్లు మీరెప్పుడైనా చూశారో లేదో. అందులో మూడు అంకెలుంటాయి. స్టాటిక్ లోడ్ అంటే నేల మీద కదలకుండా కూర్చున్నప్పుడు మోసే బరువు. డైనమిక్ లోడ్ అంటే మీ మీద ఊరేగుతున్నప్పుడు మోసేది. ర్యాక్ లోడ్ అంటే రెండు ఉక్కు దూలాల మీద అంచులు మాత్రం ఆనించి, నడుముకి ఏ ఆధారమూ లేకుండా రోజుల తరబడి మోయాల్సింది. మొదటిది అన్నిటికన్నా పెద్ద అంకె, మూడోది అన్నిటికన్నా చిన్నది. కొనేవాళ్ల కళ్లు మొదటిదాని మీదే ఆగుతాయి. ఎగ్జిబిషన్ స్టాళ్లలో ప్యాలెట్ మీదకి కారెక్కించి ఫోటోలు తీయించే ముచ్చట అందుకే పుట్టింది. కారు టన్ను, మహా అయితే టన్నున్నర ఉంటుంది. నేల మీద 4 టన్నులు మోస్తానని రాసుకున్నదానికి అదొక లెక్కా? అదే కారుతో ముందు కాలిని ఒక్కసారి గుద్దించి చూపించమనండి, స్టాల్ కట్టేసి టీకి వెళ్లిపోతారు. మీ దెబ్బకి సంబంధించిన అంకె మాత్రం బ్రోచర్‌లో వెతికినా దొరకదు. ప్యాలెట్ ప్రాణం తీసేది బరువు కాదనీ, మీ పోటనీ గుట్ట దగ్గర నిలబడ్డ ఎవరికైనా తెలుస్తుంది. బ్రోచర్ అచ్చు వేసేవాళ్లు ఆ గుట్ట వైపు వెళ్లరు.

లెక్క కష్టమైనదేమీ కాదు, హైస్కూలు పిల్లలు చేసేస్తారు. 3 టన్నులు ఎత్తే డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువే 4 టన్నుల పైమాట. గంటకు 5 కిలోమీటర్లు, అంటే మనిషి నడకంత వేగంతో వచ్చినా దాని దగ్గర దాదాపు 4,000 జౌళ్ల శక్తి ఉంటుంది. టన్ను సరుకుని 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడేస్తే తగిలే దెబ్బ అది. వేగం రెట్టింపు చేస్తే దెబ్బ నాలుగింతలవుతుంది. అదే టన్ను సరుకు ఈసారి మనిషంత ఎత్తు నుంచి పడ్డట్టు. గంటకు 10 కిలోమీటర్లు గోడౌన్‌లో పెద్ద వేగమేమీ కాదని మీకు నేను చెప్పాలా? ఖాళీ ప్యాలెట్ అయితే జారి పక్కకి తప్పుకుంటుంది, బతికిపోతుంది. వెనకాల గోడో, నిండుగా సరుకున్న ఇంకో ప్యాలెట్టో ఉంటే తప్పుకునే దారి లేదు. ఉన్నచోటే ఉండి, మొత్తం దెబ్బని మీ కొన తగిలిన ఆ కొద్ది జాగాలోనే అరిగించుకోవాలి.

మీ పొడవు గురించి కూడా ఒక మాట, నొచ్చుకోకండి. 1000 మిల్లీమీటర్ల లోతున్న ప్యాలెట్‌లోకి 1220 మిల్లీమీటర్ల మీరు పూర్తిగా దూరితే అటువైపు జానెడు బయటికి వస్తారు. అక్కడ తన మానాన తాను నిలబడ్డ వేరే ప్యాలెట్‌కి, సంబంధం లేని వ్యవహారంలో కడుపులో పోటు. మిమ్మల్ని పైకీ కిందికీ నడిపే నిలువు స్తంభం, అదే మాస్ట్, కొంచెం వెనక్కి వాలి ఉంటే మీ కొన లేచి డెక్‌ని కింది నుంచి పొడుస్తుంది. ముందుకి వంగి ఉంటే కింది పట్టీని పెళ్లగిస్తుంది. సరిగ్గా అడ్డంగా ఉండి, సరిగ్గా మధ్యలోంచి వచ్చిన రోజున మీకు దిష్టి తీయించాలనిపిస్తుంది.

ఇంత జరుగుతుంటే మేమేం చేస్తున్నామని అడగొచ్చు. గోడ మందం చేసేయొచ్చు కదా అంటారు చాలామంది. ప్లాస్టిక్‌తో ఆ పప్పులు ఉడకవు. మందం పెంచినచోట మౌల్డ్‌లో, అదే పోత అచ్చులో, ఆలస్యంగా చల్లారుతుంది, పైన గుంట పడుతుంది, లోపల బుడగ మిగులుతుంది. మందంగా కనపడుతూ లోపల డొల్లగా ఉంటుంది. అలాగని మూలల్ని పదునుగా వదిలేస్తే దెబ్బ బలమంతా ఆ గీత మీదకే చేరుతుంది. బట్టల కొట్లో కత్తెరతో చిన్న గాటు పెట్టి మిగతా గుడ్డని చేత్తో చర్రున చింపినట్టు, పగులు అక్కడ మొదలై డెక్ పొడవునా పోతుంది. కాబట్టి పలచని రిబ్బుల్ని దగ్గరదగ్గరగా పేర్చి, ప్రతి లోపలి మూలనీ తగినంత గుండ్రం చేసి, దెబ్బ తగిలితే కాస్త వంగి మళ్లీ వెనక్కి వచ్చేలా గీస్తాం. మీకు ఎదురు నిలబడే ప్యాలెట్ విరుగుతుంది. మిమ్మల్ని పక్కకి జారనిచ్చే ప్యాలెట్ మిగులుతుంది.

ఇంకో గండం అతుకు గీత. పెద్ద మౌల్డ్ కాబట్టి కరిగిన ప్లాస్టిక్‌ని చాలా గేట్ల నుంచి, అంటే పోసే రంధ్రాల నుంచి, లోపలికి పంపుతాం. రెండు ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి కలిసినచోట కనపడీ కనపడని గీత పడుతుంది, అక్కడ బలం తక్కువ. ఆ గీత ముందు కాలి మీద పడకుండా గేట్లని అటూ ఇటూ జరుపుతూ కంప్యూటర్ ముందు వారాలు గడుపుతాం. మీరొచ్చి ఒక్క పోటుతో అదెక్కడుందో చెప్పేస్తారు. ఇంతటి క్వాలిటీ ఇన్‌స్పెక్టర్లు జీతం లేకుండా దొరకడం మా భాగ్యం.

ఒంటి సంగతికొస్తే, పాలీప్రొపిలీన్‌తో, అదే పీపీతో చేస్తే బిగువుగా ఉంటుంది, ర్యాక్ మీద నడుం తొందరగా వంగదు. కానీ మామూలు రకం సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పెళుసెక్కుతుంది. హెచ్‌డీపీఈ, అంటే గట్టిరకం పాలిథిన్, గడ్డకట్టే చలిలో కూడా సాగే గుణం పోగొట్టుకోదు. కానీ బరువు కింద రోజుల తరబడి ఉంచితే మెల్లగా కుంగుతుంది. అంటే బరువుకి నచ్చింది దెబ్బకి నచ్చదు, దెబ్బకి నచ్చింది బరువుకి నచ్చదు. భీమవరం వైపు రొయ్యలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లో మైనస్ 18 డిగ్రీలు, అంతకన్నా తక్కువ. అలాంటిచోటికి చవగ్గా వచ్చాయని మామూలు పీపీ ప్యాలెట్లు పంపితే మీకు పండగే. వంగడాలు, సాగడాలు ఏమీ ఉండవు, ఏకంగా ముక్కలే. దీనికి మందు లేక కాదు. రబ్బరు గుణం కలిపిన పీపీ రకాలున్నాయి. హెచ్‌డీపీఈ కడుపులో ఉక్కు గొట్టాలు దూర్చే పద్ధతి కూడా ఉంది. రెంటికీ డబ్బు ఖర్చవుతుంది, ఆ మాట దగ్గరే పర్చేజ్ వారికి దగ్గు వస్తుంది.

పర్చేజ్ వారి ప్రశ్న ఒక్కటే: "కిలో ఎంత పడుతోంది?" ప్యాలెట్‌ని కాటా మీద పెట్టి, కొటేషన్లు పక్కపక్కన పరిచి చూస్తారు. 18 కిలోలది ఉందా, 15 కిలోల్లో ఇంకొకరు ఇస్తామంటున్నారు. తగ్గిన ఆ 3 కిలోలు ఒంట్లో ఎక్కడి నుంచి తీశారని ఎవరూ అడగరు. నేల మీద మోసే 4 టన్నుల అంకె చెక్కుచెదరకుండా ముందు కాళ్ల నుంచీ, డెక్ అంచు నుంచీ తీసేయొచ్చు. అంటే సరిగ్గా మీరు తగిలేచోటు నుంచి. ఇంకా చవగ్గా కావాలంటే నల్ల ప్యాలెట్ ఉంది, వాడేసిన ప్లాస్టిక్‌ని కరిగించి పోసినది. తిరిగి వాడటంలో తప్పేం లేదు. శుభ్రంగా ఏరిన హెచ్‌డీపీఈతో మంచి ప్యాలెట్టే వస్తుంది. బక్కెట్ల పీపీనీ, డబ్బాల పాలిథిన్‌నీ ఏరకుండా కలిపి కరిగిస్తేనే గొడవ. ఆ రెండూ నిజంగా కలవవు, పక్కపక్కన గడ్డకడతాయి, మీరు తగలగానే ఆ సరిహద్దు వెంబడి విడిపోతాయి. నలుపు రంగు అన్నిటినీ కప్పిపెడుతుంది, మొదటి దెబ్బ దాకా.

పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. ఐఎస్‌ఓ 8611లో దెబ్బల పరీక్షలు కూడా ఉన్నాయి. డెక్ అంచుకి ఒకటి, కాలికి ఒకటి, మూల నేలకి తగిలేలా పడేసేది ఒకటి. బరువు, ఎత్తు అన్నీ కొలిచి, జాగ్రత్తగా, సంస్కారంగా కొట్టే దెబ్బలవి. రాత్రి రెండింటికి డాక్ దగ్గర ఆఖరి లారీ హారన్ కొడుతుంటే, ఖాళీ ప్యాలెట్ల దొంతరని ఎత్తకుండా మీ కొనలతోనే నేల మీద బరబరా తోసుకుపోయే పరీక్ష మాత్రం నేను ఎక్కడా చూడలేదు. మీకిష్టమైన ఆట అదే కదా.

ఈ గోలంతా ఎందుకు, చెక్కే నయం అని మీ అభిమానులు అంటారు. ఒక విషయంలో నేనూ చెక్కకి దండం పెడతాను. మీరు గుద్దితే ఒక పలక ఊడుతుంది, వడ్రంగి వచ్చి నాలుగు మేకులు కొడతాడు, మళ్లీ డ్యూటీ ఎక్కుతుంది. మా ప్యాలెట్ కాలు విరిగితే గ్రైండర్‌కి పోవాల్సిందే. కానీ ఎగుమతికి వెళ్లే చెక్కకి ఐఎస్‌పీఎం 15 అని ఒక నిబంధన ఉంది. పురుగులు దేశం దాటకుండా, చెక్క నడిమి భాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించి ముద్ర వేయించాలి, లేదంటే మందు పొగ పెట్టించాలి. ప్లాస్టిక్‌కి ఆ తిప్పలు లేవు. రోగులు వేసుకునే మందుల విషయంలో వాసన కూడా కొంప ముంచుతుంది. 2010లో అమెరికాలో బూజు వాసన వస్తోందన్న ఫిర్యాదుల మీద టైలినాల్ అనే నొప్పి మాత్రలు మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. చెక్క ప్యాలెట్లకి పట్టించిన రసాయనం నుంచి పుట్టిన పదార్థమే ఆ వాసనకి కారణమని కంపెనీ చెప్పింది. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో మాత్రలు చేసేవాళ్లు కడిగితే శుభ్రపడే, పేళ్లు లేవని ప్యాలెట్ కావాలంటే తప్పు పట్టలేం. కాబట్టి మీకూ మాకూ ఈ కాపురం తప్పదు.

మీకు దక్కే మర్యాద చూస్తే మాత్రం అసూయగా ఉంటుంది. మీ మడమ దగ్గర, అంటే మీరు ఒంపు తిరిగేచోట, మందం 10 శాతం అరిగిందంటే మిమ్మల్ని సర్వీసు నుంచి తప్పించాలని ఐఎస్‌ఓ 5057 ఉంది. ఆ కొద్దిపాటి అరుగుదలకే మీ ఎత్తే శక్తి 20 శాతం దాకా పడిపోతుందని లెక్క. అంటే మీకు రిటైర్మెంట్ ఉంది. కాలు చిట్లిన ప్యాలెట్‌కి చాలా గోడౌన్లలో అదేమీ లేదు. 'ఇంకో ట్రిప్పు వస్తుందిలే' అని దానిమీదే టన్ను సరుకు పేర్చి, ష్రింక్ ర్యాప్ చుట్టి, ర్యాక్‌లో మూడో వరసకి ఎక్కిస్తారు. ఆ వరస కిందే మనుషులు తిరుగుతుంటారు. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రావడం లేదు.

డ్రైవర్ తమ్ముడు ఈ ఉత్తరం చదివి నొచ్చుకోకూడదు. అతని ఎదురుగా మాస్ట్, గొలుసులు, వాటి ముందు సరుకు. మీ కొనలు అతనికి కనపడవు, అంచనా మీద దూర్చాలి. షిఫ్టుకి ఇన్ని లారీలు అని టార్గెట్ రాసిచ్చినవారికి మాత్రం ఏసీ గదిలో స్క్రీన్ మీద అన్నీ కనపడతాయి. లారీల లెక్క ఒక షీట్‌లో, విరిగిన ప్యాలెట్ల లెక్క ఇంకో షీట్‌లో. ఆ రెండు షీట్లూ పీపీ, పాలిథిన్ లాంటివే, ఏ మీటింగ్‌లోనూ కలవవు.

ఈసారి డిజైన్‌లో మీకోసం ఒక నైవేద్యం పెట్టాను. ముందు కాళ్లకి విడిగా మందపాటి హెచ్‌డీపీఈ తొడుగు, లోపలివైపు క్లిప్పులతో బిగుస్తుంది. మనసారా గుద్దుకోండి. అది పోతే అదొక్కటే మార్చుకుంటారు, ప్యాలెట్ ఉంటుంది. చీకట్లో కూడా మీకు ఆనవాలు దొరకాలని పసుపు రంగు వేయించాను. పర్చేజ్ వారు నమూనా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఈ పసుపు ముక్క తీసేస్తే రేటు ఎంత తగ్గుతుంది?" అన్నారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ దెబ్బల్ని చూసి గీతలు దిద్దుకునే,
ప్యాలెట్ డిజైనర్

తా.క.: ఆ తొడుగు ఉంచాలా, పీకేయాలా అని తేల్చే మీటింగ్ వచ్చే బుధవారం. మీరు కూడా దయచేస్తే బాగుంటుంది. మీటింగ్ రూమ్ తలుపు మరీ ఇరుకు, 900 మిల్లీమీటర్లే. అది మీకొక అడ్డంకి కాదని నాకు తెలుసు.