గేటు దాటిన బండి, నేలకు అందని కాలు

హైదరాబాద్ శివార్లలో ఒక ఆఫ్‌రోడ్ పార్కు. మట్టి దిబ్బలు, నీళ్లు పోసి చేసిన బురదగుంట, చుట్టూ ఇనుప కంచె. ఆదివారం పొద్దున ఒక తండ్రి తన కొడుకును రెండు వందల సీసీ బైకు మీద కూర్చోబెడుతున్నాడు. పిల్లవాడికి పదకొండేళ్లుంటాయేమో. బండి ఆ తండ్రి ఇంటి నుంచి నడుపుకొచ్చిందే. ముందూ వెనకా నంబరు ప్లేట్లు, ట్యాంకు మీద పెట్రోలు బంకులో కారిన మరక. పిల్లవాడి ఎడమ పాదం కింద ఒక సిమెంటు ఇటుక పెట్టారు. అది లేకపోతే కాలు నేలకు అందదు.

క్లచ్ వదిలాడు. బండి కదిలింది, ఇటుక అక్కడే ఉండిపోయింది. ప్రతి చుట్టు చివర తండ్రి పరుగెత్తుకెళ్లి హ్యాండిల్ పట్టుకుని ఆపుతున్నాడు. మూడో చుట్టులో ఒక్క అడుగు ఆలస్యమైంది. బండి కుడివైపు ఒరిగింది, కాలు దాని కింద చిక్కింది. నలుగురం పట్టి లేపాం. మోకాలు గీరుకుపోవడంతో సరిపోయింది. "ఏం పర్వాలేదు సార్, రోడ్డు మీద కాదు కదా" అన్నాడాయన.

మన చట్టం చెప్పేదీ దాదాపు ఆ మాటే. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 4 ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు "బహిరంగ ప్రదేశం"లో వాహనం నడపకూడదు. 50 సీసీ మించని మోటారు సైకిలైతే 16 ఏళ్లు చాలు. (యాభై సీసీ లూనాలు రోడ్ల మీద నుంచి మాయమై ఏళ్లు గడిచినా వాటి కోసం రాసిన వాక్యం చట్టంలో అలాగే ఉంది.) 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 199ఎ మరీ కఠినం. మైనరు తప్పు చేస్తే సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఇంత కాఠిన్యమూ "బహిరంగ ప్రదేశం" అన్న రెండు మాటల మీద నిలబడి ఉంది. మరి టికెట్టు కొని లోపలికి వెళ్లే పార్కు బహిరంగ ప్రదేశమా, కాదా?

ఈ ప్రశ్నకు కోర్టుల నుంచి సూటి జవాబు ఆశించకండి. 1988లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ బీమా పరిహారం కేసులో విశాలంగా ఆలోచించింది. ప్రైవేటు స్థలమైనా సరే, జనం అక్కడికి స్వేచ్ఛగానో, ఏదో ఒక నియంత్రణతోనో రాగలిగితే అది బహిరంగ ప్రదేశమే అంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుకు మన విశాఖ ఉక్కు కర్మాగారం కేసు వచ్చింది. కర్మాగారం ఆవరణలోని యార్డులో మాత్రమే తిరిగే లారీలకు ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ పన్ను అడిగింది. చుట్టూ గోడ ఉండి, అనుమతి లేనిదే ఎవరూ అడుగుపెట్టలేని చోటు బహిరంగ ప్రదేశం కాదని, అక్కడ మాత్రమే తిరిగే కాలానికి పన్ను కట్టక్కర్లేదని కోర్టు తేల్చింది. పరిహారం సంగతి వేరు, పన్ను సంగతి వేరు కాబట్టి ఈ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టేయవు. కానీ ఆఫ్‌రోడ్ పార్కు సరిగ్గా రెండింటి మధ్య పడుతుంది. ఉక్కు యార్డులా గోడ ఉంది, సినిమా హాలులా టికెట్టూ ఉంది. మొదటి తీర్పు తర్కం అన్వయిస్తే ఆ తండ్రి జైలుకు వెళ్లాల్సిన మనిషి. రెండో తీర్పు తర్కంతో చూస్తే ఆయన కొడుకుతో ఆదివారం గడుపుతున్నాడంతే.

ఇంకో మెలిక ఉంది. లైసెన్సు, వయసుల సెక్షన్లు బహిరంగ ప్రదేశంతో ఆగిపోతాయి. రిజిస్ట్రేషన్ గురించి చెప్పే సెక్షన్ 39 అలా ఆగదు, "బహిరంగ ప్రదేశంలో గానీ మరే ఇతర ప్రదేశంలో గానీ" అంటుంది. అంటే పార్కులో నడిపినా బండికి రిజిస్ట్రేషన్ ఉండాలి. పిల్లల కోసమే తయారయ్యే చిన్న డర్ట్ బైకులకు, అంటే మట్టిదారుల్లో మాత్రమే తోలే బండ్లకు, మన దగ్గర రిజిస్ట్రేషన్ ఎక్కడిది? ఆవరణల్లో మాత్రమే వాడే ప్రత్యేక వాహనాలకూ, 25 సీసీ మించని రెండు చక్రాల బండ్లకూ చట్టం మినహాయింపు ఇస్తుంది. ఆ నీడలోనే ఈ చిన్న బండ్లు బతుకుతున్నాయి. ఫలితం చూడండి. పిల్లవాడి కొలతకు చేసిన బండి కాగితాల మీద అనుమానాస్పదం. పిల్లవాడి కాలు అందని బండి కాగితాల మీద కడిగిన ముత్యం.

ఈ ముడిని కాలిఫోర్నియా వేరే కొస నుంచి విప్పింది. అక్కడ మోటారు బండ్ల కోసమే రాష్ట్రం నడిపే ఉద్యానవనాలున్నాయి. శాన్ ఆండ్రియాస్ భూభ్రంశం (నేల పొరల్లోని పెద్ద చీలిక) మధ్యగా పోయే హాలిస్టర్ హిల్స్, ఇసుక తిన్నెల ఓషియానో, లివర్‌మోర్, ట్రేసీ పట్టణాల మధ్య కొండల్లో కార్నెగీ. ట్రేసీ, మౌంటెన్ హౌస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ, కాబట్టి కార్నెగీ కొండలు మనవాళ్లకూ పరిచయమే. అక్కడి వాహన చట్టంలో రెండు విషయాలు నాకు నచ్చాయి. ఒకటి, రోడ్డు రిజిస్ట్రేషన్ ఉన్న బండి అయినా సరే, మట్టిదారిలోకి దిగాక అది ఆఫ్-హైవే వాహనం, అంటే రోడ్డు బయట తిరిగే బండి, కిందికే వస్తుంది. నంబరు ప్లేటు చూపించి అక్కడి నియమాల నుంచి తప్పించుకోవడం కుదరదు. రెండోది సెక్షన్ 38304. నడిపేవాడి చేతులూ కాళ్లూ బండి నియంత్రణలన్నిటికీ అందాలి, వాటిని సరిగా వాడగలగాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు అలా అందకపోయినా నడపనిచ్చిన తల్లిదండ్రులదీ, వెంట ఉన్న పెద్దలదీ తప్పని పక్క సెక్షన్ చెబుతుంది. మట్టిలో, ఇసుకలో తోలే నాలుగు చక్రాల ఏటీవీ బండ్లకు శిక్షణ పత్రం, పెద్దల పర్యవేక్షణ అంటూ వేరే షరతులున్నాయి. మోటారు సైకిలుకు మాత్రం ఇన్నేళ్లని గీత గీయలేదు. అందుతుందా, లేదా అని అడుగుతారు.

వయసు గీత లేకపోవడం మంచిదేనా అంటే నాకు పూర్తి నమ్మకం లేదు. కాళ్లు అందినంత మాత్రాన ఆరేళ్లవాడికి ఎదుటి బండి వేగం అంచనాకు రాదు. కానీ ఆ ప్రశ్న మాత్రం సరైనది, మనం అడగనిది. అంకెలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. మన దగ్గర ఆఫ్‌రోడ్ మోజున్నవాళ్లకు అందుబాటులో ఉన్న బైకు హీరో ఎక్స్‌పల్స్ 200 4వి. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, బరువు నూట యాభై కిలోల పైమాట. దాని ప్రో రకానికి సీటు 891 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు. పదేళ్ల పిల్లవాడి కాలి పొడవు రెండడుగులకు కాస్త అటూ ఇటూ. పిల్లల డర్ట్ బైకుల్లో పాత కాపు యమహా పీడబ్ల్యూ50కి సీటు 475 మిల్లీమీటర్లు, బరువు నలభై కిలోల చిల్లర. క్లచ్ ఉండదు. యాక్సిలరేటర్ ఎంతవరకు తిరగాలో తండ్రి ఒక స్క్రూతో బిగించి పెట్టవచ్చు. పడినా తండ్రి ఒక్కడే తేలిగ్గా లేపగలడు. హీరోవాళ్లే 2025 చివర్లో విడా పేరుతో నాలుగు నుంచి పదేళ్ల పిల్లలకు తెచ్చిన విద్యుత్ డర్ట్ బైకు పిల్లవాడితో పాటు మూడు కొలతల్లో పెరుగుతుంది, వేగానికి హద్దు తల్లిదండ్రుల ఫోనులో ఉంటుంది. అంటే ఇంజినీర్లకు తెలిసిన విషయమే. చట్టం రాసేవాళ్లకు ఇంకా చేరలేదు.

అయినా తండ్రులు రోడ్డు బండే ఎందుకు తెస్తారు? అది ఇంట్లో ఉంది కాబట్టి. విదేశీ కంపెనీల పిల్లల బైకు కొనాలంటే లక్షల మాట, రెండేళ్లలో పిల్లవాడికి పొట్టిదైపోతుంది. దాన్ని పార్కుకు చేర్చడానికి ట్రాలీ ఆటో కిరాయి వేరే. రోడ్డు బండికైతే పెట్రోలు పోస్తే చాలు.

ఆ తండ్రులకు తెలియనిది బీమా సంగతి. మన ప్రామాణిక మోటారు పాలసీలో డ్రైవరు నిబంధన ఉంటుంది: ప్రమాద సమయంలో నడిపేవారికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. యజమానికి వచ్చే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా లైసెన్సున్న యజమాని నడిపినప్పటిదే. పదకొండేళ్ల పిల్లవాడు నడుపుతూ పడితే బండి నష్టానికీ, వాడి గాయానికీ ఆ కాగితం పనికిరాదు. ఇక గేటు దగ్గర సంతకం పెట్టించుకునే కాగితం ఉంది కదా, "ఏం జరిగినా మా పూచీ లేదు" అని. మైనరు చేసే ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ముందు నిలవదు. తండ్రి సంతకం పెట్టినా, నిర్వాహకుడి నిర్లక్ష్యం ఆ సంతకంతో కడుక్కుపోదు. ఆ కాగితం వల్ల లాభం ఒక్కటే, రెండు వైపులా ధైర్యం. అదే ప్రమాదకరం.

పోటీల ప్రపంచంలో కాస్త క్రమం ఉంది. దేశంలో మోటారు క్రీడల్ని నడిపే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ వయసు విభాగాలు, పోటీ లైసెన్సులు పెట్టింది. అయినా 2023 ఆగస్టు 5న చెన్నై దగ్గరి సర్క్యూట్‌లో జాతీయ పోటీలో పదమూడేళ్ల బెంగళూరు బాలుడు పడిపోయి, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. లైసెన్సు, శిక్షణ, అంబులెన్సు అన్నీ ఉండే చోట అది. అవేవీ లేని చోట, ఇటుక మీద కాలు పెట్టి బయలుదేరే పిల్లవాడి గురించి ఏ సంస్థా ఏ నియమమూ రాయలేదు.

అలాగని పిల్లల్ని పార్కుల నుంచి వెళ్లగొట్టమని నేను అనను. కృష్ణా డెల్టాలోనో, కరీంనగర్ పల్లెల్లోనో పన్నెండేళ్లవాడు పాల క్యాన్లు కట్టుకుని కాలువ గట్టు మీద మోపెడ్ నడపడం మనం చూడని దృశ్యం కాదు. వాడికి హెల్మెట్ లేదు, నేర్పినవాడూ లేడు. బండి తోలాలనే ఆశ ఈ దేశంలో మీసాల కంటే ముందే మొలుస్తుంది. అది తీరే చోటు రోడ్డు కాకుండా కంచె లోపలి మట్టి కావడం వెయ్యి రెట్లు నయం. అందుకే నియమం పిల్లవాడికి కాదు, ముందు బండికి పెట్టాలి. పద్నాలుగేళ్ల లోపువాళ్లు రోడ్డు రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద బండి నడపకూడదని పార్కు అనుమతిలోనే రాయవచ్చు. దాన్ని పర్యాటక శాఖ రాస్తుందా, రవాణా శాఖ రాస్తుందా అన్నది వాళ్లు తేల్చుకోవాలి. పిల్లల బండ్లను పార్కే గంటల లెక్కన అద్దెకివ్వాలి, అప్పుడు తండ్రికి తన బండి ఎక్కించాల్సిన అవసరం తప్పుతుంది. పెద్దవాళ్లు తిరిగే వేళల్లో పిల్లలు ఆ దారిలో ఉండకూడదు. పెద్ద బైకు మీద ఎక్కే పదిహేనేళ్లవాడి దగ్గర గేటు మనిషి రెండు విషయాలు చూడాలి: కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు భాగాలూ నేలకు ఆనుతున్నాయా, పడేసిన బండిని ఒక్కడే లేపగలడా. ఈ పరీక్షకు పత్రాలు అక్కర్లేదు, నిమిషం చాలు.

నంబరు ప్లేటున్న బండికి ఉన్న అసలు చిక్కు మాత్రం గేటు దగ్గరే మొదలవుతుంది. ప్లేటు లేని డర్ట్ బైకు గేటు దగ్గర ఆగాలి. దాన్ని ట్రాలీలో ఎక్కించాలి, తాళ్లతో కట్టాలి. ఆట అక్కడితో సరి. రోడ్డు బండికి ఆ బాధ లేదు, లోపలి మట్టిదారి బయటి రోడ్డులో కలిసిపోతుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఎండ ముదిరాక ఆ తండ్రీకొడుకులు బయలుదేరారు. పార్కు గేటు నుంచి మెయిన్ రోడ్డుకు రెండు వందల గజాల దాకా మట్టిబాట. హ్యాండిల్ కొడుకు చేతిలో ఉంది, తండ్రి వెనక కూర్చుని తన కాళ్లు రెండు వైపులా చాచి నేలకు ఆనిస్తున్నాడు. మట్టిబాట చివర బండి ఆగుతుందని చూస్తూ నిలబడ్డాను. ఎడమ ఇండికేటర్ వెలిగింది, బండి తారు రోడ్డెక్కింది.