అన్నకు కాళ్లేవి?

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో ఏ పుట్టినరోజు ఫ్లెక్సీ అయినా తలెత్తి చూడండి. తల ఉంటుంది, మెడలో దండ ఉంటుంది, దండం పెట్టే చేతులుంటాయి. కాళ్లు మాత్రం ఉండవు. మోకాళ్ల దాకా వచ్చి అన్న ఆగిపోతాడు. ప్రజాస్వామ్యానికి ఇంత ముఖ్యమైన విషయం మీద ఇప్పటిదాకా ఒక్క అఖిలపక్ష సమావేశం కూడా జరగకపోవడం శోచనీయం.

దీనికి కారణం నీడ. మనిషిని కత్తిరించి ఇంకో బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టడం ఇప్పుడు ఫోన్ చేసే పని. నేల మీద నిలబెట్టడమే కష్టం. చెప్పు నేలను తాకే చోట సన్నటి చిక్కటి నీడ పడాలి. పాదం నుంచి దూరం జరిగేకొద్దీ అది పలచబడాలి, అంచు మసకబారాలి. అది లేకపోతే ఎంతటి నాయకుడైనా గాల్లో తేలుతాడు. అందుకే ఫ్లెక్సీలు తయారు చేసే మా తమ్ముడు రాజమార్గం కనిపెట్టాడు. కాళ్లుండాల్సిన చోట అనుచరుల ఫొటోలు వరసగా పేర్చేస్తాడు. అన్న దేని మీద నిలబడ్డాడో ఇంత నిజాయితీగా ఏ సర్వే కూడా చెప్పలేదు.

వెనక నాగార్జునసాగర్ ఉంటుంది. 26 గేట్లూ ఎత్తేసి ఉంటాయి. డ్యామ్ మీద సాయంత్రపు పసుపు ఎండ ఎడమ వైపు నుంచి పడుతుంటే, అన్న ముఖం మీద ఫంక్షన్ హాల్ ట్యూబ్‌లైట్ తెలుపు కుడి వైపు నుంచి పడుతుంటుంది. ఒకే ఆకాశం కింద ఇద్దరు సూర్యులు! పైగా డ్యామ్ ఫొటో ఎత్తు మీద నుంచి తీసింది, అన్న ఫొటో కింద కుర్చీలో కూర్చున్న తమ్ముడు తీసింది. కెమెరా ఎత్తును బట్టే ఆకాశం, భూమి కలిసే గీత ఎక్కడ పడాలో తేలుతుంది. రెండు ఎత్తుల ఫొటోలు అతికిస్తే 124 మీటర్ల డ్యామ్ అన్న నడుము దాకే వస్తుంది. అభిమానులకు ఇందులో తప్పేమీ కనబడదు. ఫ్లెక్సీలో టికెట్ రానివాడే దూరపువాడు, వాడే చిన్నగా కనబడాలి. (పైన గుండ్రాల్లో ఉండే అధినేతలు దేవతల లెక్క. వాళ్లకు ఈ రూలు వర్తించదు.)

తల చుట్టూ ఉండే తెల్ల గీత సంగతి కూడా చెప్పాలి. కత్తిరించినప్పుడు పాత బ్యాక్‌గ్రౌండ్ అంచుకు అంటుకుని మిగిలితే అది వస్తుంది. అంచును ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి జరిపి కాస్త మెత్తబరిస్తే పోతుంది. కానీ పోగొట్టినవాడికి మళ్లీ ఆర్డర్ రాదని నా అనుమానం. జనం దాన్ని తేజస్సు అనుకుంటున్నారు.

పాలమూరు పెళ్లి ఆల్బమ్‌లు ఇంకా గంభీరమైన సమస్య. పిల్లలమర్రి దాకా పోయి చెట్ల కింద ఫొటోలు దిగుతారు. తీరా ఆల్బమ్‌లో చెట్లు మాయమై స్విట్జర్లాండ్ మంచు కొండలు వస్తాయి. ఆకుల సందుల్లోంచి పడిన ఎండ మచ్చలు మాత్రం పెళ్లికూతురు బుగ్గల మీద అట్లాగే ఉంటాయి. కనుచూపు మేరలో చెట్టు లేని కొండ మీద అవి ఏ ఆకుల మచ్చలో అత్తగారు అడగదు, ఫొటోగ్రాఫర్ చెప్పడు. మంచు మీద పడిన వెలుతురు కింది నుంచి పైకి కొడుతుంది కాబట్టి గడ్డం కింద నీడ పలచబడాలి. పెళ్లికొడుకు గడ్డం కింద మాత్రం పాలమూరు ఏప్రిల్ చిక్కగా ఉంటుంది. ఆ చలిలో పిల్ల పట్టుచీరతో చెక్కుచెదరకుండా నిలబడుతుంది, మన ఆడపిల్లల ఓర్పు అట్లాంటిది.

నీడ తెలియని జిల్లా కాదు ఇది. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభం నీడ కదలదు. స్తంభాల మధ్య చెదిరి వచ్చే వెలుతురును లెక్కగట్టి కందూరు చోడుల కాలపు శిల్పులు దాన్ని రాతితో సాధించారు. వాళ్ల వారసులమైన మనం మౌస్ చేతిలో ఉండి ఒక జత చెప్పులకు నీడ వేయలేకపోతున్నాం.

కాబట్టి ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకోవాలని డిమాండ్ చేస్తున్నాను. వాట్సాప్‌లో అరిగిపోయిన ముఖాన్ని తళతళలాడే డ్యామ్ ముందు పెట్టేటప్పుడు, డ్యామ్‌ను కొంచెం మసకబరిచి, రెండింటి మీదా ఒకే రంగు, ఒకే గ్రెయిన్ (ఫొటోలో కనబడే సన్నటి నూగు) వేయడం తప్పనిసరి చేయాలి. కాళ్ల సమస్యకు ఖర్చు లేని పరిష్కారం కూడా ఉంది. మే నెల మొదట్లో ఒకనాడు మన దగ్గర సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబడ్డ మనిషి నీడ పాదాల చుట్టే ఒదిగిపోతుంది. నాయకులంతా ఆ మధ్యాహ్నం బయట నిలబడి ఫొటో దిగితే చాలు, నీడ వేయడం చాలా తేలిక.

ఈ ఆలోచన ఫ్లెక్సీ తమ్ముడికి చెప్పాను. శ్రద్ధగా విని, "మేల మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నిలబడే లీడర్ దొరికితే చెప్పుండ్రి సార్, కాళ్లు ఫ్రీగ ఏస్త" అన్నాడు.